పల్నాటి పౌరుషం, పల్నాటి పౌరుడు

పెద్దలు కుదుర్చుకున్న సంధిని ఓ కుర్రాడు తెంచేసిన కథ కారెంపూడిది. ఎనిమిది వందల ఏళ్లు దాటినా పల్నాడులో రాజీలు పెద్దలే మాట్లాడుతున్నారు. కేసుల్లో మాత్రం కుర్రాళ్ల పేర్లే ఎక్కుతున్నాయి.

కారెంపూడిలో వీరుల తిరునాళ్ల అయిదు రోజులు. కార్తీక అమావాస్యకు రాచగావుతో మొదలై, రాయబారం, మందపోరు, కోడిపోరు దాటి కళ్లిపాడుతో ముగుస్తుంది. ఊరూరి నుంచి ఆచారవంతులు వీరుల ఆయుధాలైన కొణతాలు ఎత్తుకుని వస్తారు. నాగులేట్లో వాటికి స్నానం చేయించి వీర్లగుడికి తెస్తారు. జనం ఎగబడి చూసేది కోడిపోరు. నాకు మాత్రం చిన్నప్పటి నుంచీ రెండోరోజు మీదే మనసు. మాచర్ల, గురజాల పక్షాల నడుమ జరిగిన పల్నాటి యుద్ధాన్ని తలుచుకునే పండగలో, ఆ యుద్ధం రాకుండా ఆపాలని చేసిన ప్రయత్నం కోసం మన పెద్దలు ఒక రోజంతా తీసిపెట్టారు. రాయబారం రోజు అది.

ఆ రాయబారి అలరాజు. మాచర్ల పక్షం మనిషి, గురజాల నలగామరాజుకు స్వయానా అల్లుడు. ఇరుపక్షాలకూ కావలసినవాడు కాబట్టే అతణ్ణి పంపారు. చర్లగుడిపాడు దగ్గర విషప్రయోగానికి బలయ్యాడు. అయినా సంధి దారులు పూర్తిగా మూసుకుపోలేదు. వీరవిద్యావంతులు పాడే కథలో, సేనలు కారెంపూడి చేరాక కూడా పెద్దలు ఒక ఒప్పందానికి వస్తారు. ఆ ఒప్పందాన్ని తెంచినవాడు బాలచంద్రుడు.

అతను ఎందుకు తెంచాడో కథే చెబుతుంది, మనం ఆ సంగతి మీద నిలబడి వినం. వీడివల్ల చేటని జాతకంలో ఉందని పుట్టినప్పుడే తండ్రి బ్రహ్మనాయుడు వద్దనుకున్నాడు. పెద్దలు యుద్ధానికి కదిలినప్పుడు తల్లి దగ్గర వదిలి వెళ్లారు. వీధిలో బొంగరాలాడుతుంటే ఆ బొంగరం ఒక ఆడపిల్ల కాలికి తగిలింది. మీ వాళ్లంతా యుద్ధభూమిలో ఉంటే నీకు ఆటలా అని ఆ పిల్ల దెప్పింది. ఆ ఒక్క మాటకు రోషం వచ్చి, వేర్వేరు కులాల్లో పుట్టి తనతో అన్నదమ్ముల్లా పెరిగిన స్నేహితుల్ని వెంటబెట్టుకుని బయల్దేరాడు. అక్కడికి వెళ్తే సంధి అయిపోయింది. ఎవరూ అతణ్ణి అడగలేదు. చావడానికి సిద్ధపడి వచ్చిన కుర్రాడికి, బతకడానికి కుదిరిన ఒప్పందంలో భాగం లేదు.

పల్నాడులో ఏ ఊళ్లోనైనా బాలచంద్రుడి పేరు చెబితే కుర్రాళ్ల ఛాతీ పొంగుతుంది. నా ఛాతీ కూడా పొంగింది. నడివయసులోకి వచ్చాక అదే కథ మళ్లీ విన్నప్పుడు నాకు వినపడింది వీరత్వం కాదు. పిలవని పేరంటంలో నిలబడ్డ పిల్లవాడి కోపం.

మే 13 తర్వాత

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా అయింది. ఆ పేరు కోసం ఎదురుచూసినవాళ్లం మేము. రెండేళ్లు తిరిగేసరికి ఆ పేరు దేశమంతా వినబడింది, మేము కోరుకున్న కారణానికి కాదు.

2024 మే 13. రాష్ట్రంలో 81.86 శాతం మంది ఓటేసిన ఎన్నిక అది. ఎండలో గంటల తరబడి క్యూల్లో నిలబడ్డ ఆ జనాన్ని దేశం చూడలేదు. రెంటచింతల మండలం పాల్వాయి గేటు పోలింగ్ కేంద్రంలో వెబ్ కెమెరాకు చిక్కిన దృశ్యాన్ని చూసింది. అప్పటి మాచర్ల ఎమ్మెల్యే పిన్నెల్లి రామకృష్ణారెడ్డి లోపలికొచ్చి ఈవీఎంను నేలకేసి కొట్టిన దృశ్యం అది. మాచర్ల నియోజకవర్గంలో 7 కేంద్రాల్లో యంత్రాలు ధ్వంసమయ్యాయని ఎన్నికల సంఘం ప్రకటించింది. నరసరావుపేట, గురజాల నియోజకవర్గాల్లోనూ రాళ్లు లేచాయి, ఇళ్ల మీద దాడులు జరిగాయి, పెట్రోలు నింపిన సీసాలు బయటపడ్డాయి. 144 సెక్షన్ పెట్టారు. ఎస్పీని సస్పెండ్ చేశారు, కలెక్టరును బదిలీ చేశారు. ఐజీ వినీత్ బ్రిజ్‌లాల్ నాయకత్వంలో సిట్ వచ్చింది. పల్నాడు, తిరుపతి, అనంతపురం జిల్లాల్లో కలిపి 33 కేసులు, 1,370 మంది నిందితులని ఆ బృందం లెక్క తేల్చింది. 33లో 22 పల్నాడువే.

అదే రోజు రెంటాలలో ఒక మహిళా పోలింగ్ ఏజెంటు నుదుటి మీద గాయంతో, రక్తం తుడుచుకుంటూ పోలింగ్ ముగిసేదాకా కుర్చీలోంచి లేవలేదు. పార్టీ ఏదైనా కానివ్వండి, ఆ రోజు పల్నాడులో ఎన్నిక అంటే ఏమిటో తెలిసిన మనిషి ఆమె.

ఇది ఒక్క 2024 సంగతి కాదు. 2019 సెప్టెంబరులో దుర్గి మండలం ఆత్మకూరు నుంచి దళిత కుటుంబాలు ఊరు విడిచి వచ్చాయని చెప్పి తెలుగుదేశం గుంటూరులో శిబిరం పెట్టింది, ఛలో ఆత్మకూరు పిలుపునిచ్చింది. 2024 ఫలితాల తర్వాత మేం ఊళ్లు విడిచామన్నవాళ్లు వైఎస్సార్ కాంగ్రెస్ వాళ్లు. 2022 డిసెంబరులో మాచర్లలో పార్టీ ఆఫీసు, ఇళ్లు, వాహనాలు తగలబడ్డాయి. వెల్దుర్తి మండలం గుండ్లపాడులో 2022 జనవరిలో ఒక హత్య జరిగింది. 2025 మేలో అదే ఊరి అన్నదమ్ములిద్దర్ని చంపారు. 2024 జూలై 17 రాత్రి వినుకొండ నడిరోడ్డు మీద, జనం చూస్తుండగా ఒక యువకుణ్ణి నరికారు. చంపినవాడూ చచ్చినవాడూ ఒకరినొకరు ఎరిగున్న ఈడువాళ్లు. పాత కక్ష అన్నారు పోలీసులు, రాజకీయ హత్యే అంది అతని పార్టీ. గుర్రం జాషువా పుట్టిన ఊరి నడిబొడ్డున జరిగింది ఇది.

వీటిలో ఎవరిది ఎంత తప్పో తేల్చేది కోర్టులు. నేను అడిగేది కోర్టులో తేలేది కాదు. ప్రతిసారీ గొడవ అణిగాక పికెట్ పెడతారు, పెద్దల్ని పిలిచి మాట్లాడతారు, కవాతు చేయిస్తారు. కర్ర పట్టుకున్న చేతి వయసు ఇరవై రెండని తెలిసినా, ఆ ఇరవై రెండేళ్లవాణ్ణి మాట్లాడటానికి పిలిచిందెవరు?

ఎఫ్ఐఆర్‌లో ‘మరికొందరు’

ఊళ్లో గొడవైతే ఫిర్యాదు ఎలా రాస్తారో పల్నాడులో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. ముందు అవతలి పార్టీ పెద్దల పేర్లు రాస్తారు. తర్వాత వాళ్ల కొడుకులు, తమ్ముళ్లు. చివర్న ‘మరికొందరు’ అని పెడతారు. ఆ మరికొందరిలో ఎవరి పేరు చేరుతుందో తర్వాత మెల్లగా తేలుతుంది. అక్కడ లేనివాడి పేరు కూడా చేరొచ్చు. అవతలివాళ్లు కౌంటరు కేసు పెడతారు. ఇంకో ఎన్నిక రాగానే కేసున్నవాళ్లందర్నీ తహసీల్దారు ముందుకు తీసుకెళ్లి బైండోవర్ చేస్తారు. మళ్లీ పేరొస్తే రౌడీషీటు.

పెద్దమనిషికి కేసుతో పెద్దగా పోయేదేమీ లేదు. ఆయనకు లాయరున్నాడు, పొలముంది, పార్టీ ఉంది. కుర్రాడి సంగతి వేరు. కానిస్టేబులు ఉద్యోగానికి తెల్లారకముందే కాలేజీ గ్రౌండులో పరుగు సాధన చేసినవాడు, పరీక్ష పాసై, అటెస్టేషన్ ఫారంలో మీ మీద క్రిమినల్ కేసులున్నాయా అన్న గడి దగ్గర ఆగిపోతాడు. పాస్‌పోర్టుకు పోలీసు విచారణ వస్తే ఆగిపోతాడు. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు ఊళ్లో వాకబు చేసి వెనక్కి పోతారు. అప్పుడు వాడికి మిగిలేది వాణ్ణి కేసులో ఇరికించిన పార్టీయే. బెయిలు తెచ్చేదీ వాళ్లే, వాయిదాకు బండిలో తీసుకెళ్లేదీ వాళ్లే. కేసు వాణ్ణి గొడవలకు దూరం చేయదు, ఇంకా దగ్గరగా కట్టేస్తుంది.

అందుకే పల్నాడులో చాలా ఇళ్లల్లో మగపిల్లల్ని గుంటూరు, హైదరాబాదు హాస్టళ్లలో వేసేది చదువు కోసం మాత్రమే కాదు. ఎన్నికల ఏడాది ఊళ్లో ఉండకూడదని. మిర్చి కోతలకు మనుషులు దొరక్కపోయినా సరే, కొడుకును మాత్రం రావద్దనే తల్లులున్నారు. చదువుకున్నవాడు ఊరు విడిస్తే ఊళ్లో మిగిలేది ఎవరు? వెళ్లలేనివాళ్లు. వాళ్లకే జెండా ఇస్తాం, వాళ్లకే మందు పోయిస్తాం, వాళ్ల చేతికే కర్ర ఇస్తాం.

నాకూ ఇలాంటి అనుభవం ఒకటుంది. పదో తరగతిలో నా పక్కన కూచునేవాడు, లెక్కల్లో నాకన్నా గట్టివాడు, వాళ్లింట్లో ఒక పార్టీ, మా ఇంట్లో ఇంకోటి. పంచాయతీ ఎన్నికలప్పుడు మా వీధిలో రాళ్లు పడ్డాయి. మా పెదనాన్న తల పగిలింది, వాళ్ల బాబాయి చెయ్యి విరిగింది. మర్నాటి నుంచి మేమిద్దరం మాట్లాడుకోకూడదని ఎవరూ చెప్పలేదు. చెప్పకుండానే మానేశాం. బడిలో వాడు బెంచీ మార్చుకున్నాడు. రెండేళ్ల తర్వాత పెద్దలు రాజీ పడ్డారు, కలిసి కాఫీ తాగారు. మమ్మల్ని మాత్రం ఎవరూ కలపలేదు.

ఒక మాట, రెండు వేర్లు

పల్నాడు అనగానే పౌరుషం అంటారు. పల్నాటి పౌరుషం అని 1994లో సినిమా కూడా వచ్చింది. ఆ మాటలో పురుషుడున్నాడు. వినడానికి దానికి చాలా దగ్గరగా ఉండే మాట పౌరుడు. దానిలో పురం ఉంది, అంటే ఊరు. చెవికి ఒకే ఇంటి మాటల్లా వినిపిస్తాయి కానీ వాటి వేర్లు వేరు. మొదటిది నేనెవరో చూపించమంటుంది, రెండోది మన ఊరికి ఏం కావాలో అడగమంటుంది. మేము మా పిల్లలకు మొదటిది ఉగ్గుపాలతో పోశాం. రెండోది సివిక్స్ పాఠంలో రెండు మార్కుల ప్రశ్నకు వదిలేశాం.

నిజానికి ఈ నేల మీద ఆ రెండూ కలిసిన సందర్భం ఒకటుంది. అడవిలో పశువులు మేపుకుంటే పుల్లరి కట్టాలన్న తెల్లదొరల ఉత్తర్వును పల్నాడు రైతులు ధిక్కరించారు. 1921-22లో అది సత్యాగ్రహమైంది. మించాలపాడులో కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసుల తుపాకీ గుళ్లకు నేలకొరిగాడు. కట్టను అన్నది ఆ పోరాటం, కొడతాను అనలేదు. బొంగరం కథ తెలిసిన ప్రతి కుర్రాడికీ పుల్లరి కథ కూడా అంతే బాగా తెలిసుంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది నాకు.

పౌరుడిగా మారే మొదటి మెట్టు ఓటు. ఆ మెట్టునే తీసేశాం కొన్నిచోట్ల. 2021 మార్చి పురపాలక ఎన్నికల్లో మాచర్ల, పిడుగురాళ్లలో పోలింగే జరగలేదు. వార్డులన్నీ ఏకగ్రీవం. అంతకు ముందు ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలప్పుడు ఏకగ్రీవమైన ఊళ్లకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రోత్సాహకం ఇస్తామని ప్రభుత్వం చెప్పింది. ఏకగ్రీవం మంచి మాట. గ్రీవం అంటే మెడ. ఊరంతా కూచుని మాట్లాడుకుని ఒకే గొంతుకతో పలికితే అంతకన్నా కావలసిందేముంది? కానీ పోటీ చేయబోయినవాణ్ణి నామినేషన్ కేంద్రం దగ్గరే ఆపేస్తే వచ్చేది ఒక గొంతుక కాదు, మిగతా గొంతుకల మూగతనం. 2020 మార్చిలో నామినేషన్ల సమయాన మాచర్లకు వచ్చిన ప్రతిపక్ష నాయకుల కారు మీద పట్టపగలు దాడి జరిగిన సంగతి ఎవరూ మరచిపోలేదు. 2021లో పద్దెనిమిది నిండిన పిల్లలు మాచర్లలో తమ వార్డుకు ఎవరు కావాలో చెప్పే అవకాశం రాకుండానే ఓటర్లయ్యారు. మూడేళ్ల తర్వాత వాళ్లు మొదటిసారి బూత్‌లోకి వెళ్లిన రోజు మే 13.

బిలం దగ్గర జనం

పల్నాడుకు శాంతి చర్చలు కొత్త కాదు. పిడుగురాళ్ల మండలంలోని గుత్తికొండ బిలంలో 1969లో నక్సల్బరీ నాయకుడు చారు మజుందార్ రహస్యంగా సమావేశం పెట్టాడని మా పెద్దలు గుసగుసగా చెప్పేవాళ్లు. 2004 అక్టోబరులో అదే బిలం దగ్గర, నల్లమల నుంచి బయటికొచ్చిన నక్సలైట్ నాయకులు బహిరంగంగా సభ పెడితే జనం తండోపతండాలుగా వెళ్లారు. ఆ నెల 15 నుంచి 18 దాకా హైదరాబాదులో ప్రభుత్వంతో చర్చలు జరిగాయి. అవతలి పక్షానికి నాయకుడు రామకృష్ణ, అసలు పేరు అక్కిరాజు హరగోపాల్. రెంటచింతల మండలం తుమృకోట పిల్లవాడు. ఆ చర్చలు 2005 జనవరికల్లా తెగిపోయాయి. ఆయన కొడుకు 2016 అక్టోబరులో ఆంధ్ర ఒడిశా సరిహద్దు ఎదురుకాల్పుల్లో పోయాడు. ఆయన 2021 అక్టోబరులో అడవిలోనే జబ్బుతో పోయాడు. తండ్రీ కొడుకూ ఇద్దరూ తుమృకోటకు తిరిగి రాలేదు.

ఆ చర్చల దాకా దారి వేసింది ఎవరో గుర్తు చేసుకోవాలి. 1997 నుంచి ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వంలో ఏడేళ్లు ఊళ్లు తిరిగి, చచ్చినవాళ్ల ఇళ్లకు వెళ్లి, ఇరుపక్షాలకూ ఉత్తరాలు రాసిన బృందం పేరు పౌర స్పందన వేదిక. ఆ పేరులోనూ పౌరుడే ఉన్నాడు. వాళ్లు చేసిన పనిలో నన్ను బాగా కదిలించేది చర్చల బల్ల కాదు, అంతకు ముందు ఊళ్లల్లో విన్న ఆ ఏడేళ్లు. మన పార్టీ గొడవల కోసం అలా విన్నవాళ్లు ఎవరున్నారు? సిట్ వచ్చింది, వాంగ్మూలాలు రాసుకుంది. వాంగ్మూలం ఇవ్వడమూ మనసు చెప్పుకోవడమూ ఒకటి కాదు.

ప్రపంచం ఈ సంగతి ఆలస్యంగానే గుర్తించింది. 2015 డిసెంబరు 9న ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 2250వ తీర్మానం చేసింది. 18 నుంచి 29 ఏళ్లవాళ్లను హింసకు కారకులుగానో బాధితులుగానో మాత్రమే చూడటం మానండి, శాంతి ఒప్పందాల్లో వాళ్లకు భాగం ఇవ్వండి అన్నది దాని సారం. ఉత్తర ఐర్లండులో క్యాథలిక్, ప్రొటెస్టెంట్ పిల్లలు వేర్వేరు బళ్లలో చదివేవాళ్లు. బాంబులు పేలుతున్న 1981లోనే కొందరు తల్లిదండ్రులు బెల్‌ఫాస్టులో లాగన్ కాలేజీ అనే ఉమ్మడి బడి 28 మంది పిల్లలతో తెరిచారు. పెద్దల ఒప్పందం కుదిరింది 1998లో. ఆ బడిలో మొదట చేరిన పిల్లలు అప్పటికే పెళ్లీడు దాటారు.

అంత దూరం పోనక్కర్లేదు. పంక్తి భేదం లేకుండా ఒకే చాప మీద కూడు పెట్టిన బ్రహ్మనాయుడు ఇక్కడివాడు, మాల కన్నమదాసును సేనాపతిని చేసినవాడు. ఇప్పటికీ కారెంపూడిలో మందపోరు రోజున చాపకూడు పెడతారు. ఆ వీరుల కథను తరతరాలుగా నాలుక మీద మోసుకొస్తున్నదీ మాలవాళ్లైన వీరవిద్యావంతులే. వాళ్లలో అలిశెట్టి గాలెయ్య పాడగా జీన్ రోఘైర్ అనే అమెరికా పరిశోధకుడు రికార్డు చేసి, 1982లో ఇంగ్లీషులో పుస్తకం తెచ్చాడు. ఆ కథను ఆక్స్‌ఫర్డు అచ్చేసింది. మా బడిలో ఒక్కరోజు కూడా ఎవరూ పాడించలేదు.

ఊళ్లో ఇప్పటికే ఉన్నవి

శాంతి కమిటీ అనగానే స్టేషన్లో ప్లాస్టిక్ కుర్చీల్లో కూచున్న పది మంది తెల్లచొక్కాలవాళ్లు గుర్తొస్తారు. కొత్త కమిటీ ఒకటి వేయమని నేను అనడం లేదు. ఊళ్లో ఇప్పటికే పనిచేస్తున్నవాటిని చూడమంటున్నాను.

డ్వాక్రా సంఘాన్ని చూడండి. పది మంది ఆడవాళ్లలో ఆరుగురి మొగుళ్లు ఒక పార్టీ, నలుగురి మొగుళ్లు రెండో పార్టీ. మగవాళ్లు ఒకరి గుమ్మం ఒకరు తొక్కని రోజుల్లో కూడా వాళ్లు నెలకోసారి కూచుని కిస్తీ లెక్క చూసుకుంటారు. ఒకామె కట్టకపోతే అందరి అప్పూ నిలిచిపోతుంది కాబట్టి, పార్టీ పేరు చెప్పి ఎవర్నీ వెలివేయలేరు. పల్నాడు ఊళ్లో రెండు పార్టీల మనుషులు డబ్బు విషయంలో ఒకరినొకరు నమ్మే చోటు నాకు తెలిసినంతలో అదొక్కటే. అలాంటిది కుర్రాళ్లకు ఒక్కటీ లేదు. వాళ్లకున్న సంఘాలన్నీ ఏదో ఒక నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ మీద మొదలైనవే.

ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీని చూడండి. 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశే దీన్ని దేశానికి నేర్పింది. కూలీల ఇళ్లల్లో చదువుకున్న పిల్లలకు శిక్షణ ఇచ్చి, మస్టరు రోల్ చేతికిచ్చి పంపారు. వాళ్లు ఇల్లిల్లూ తిరిగి, నీ పేరున ఇన్ని రోజులు పని చేసినట్టుంది, నిజమేనా అని అడిగారు. తేలిన లెక్కను మండల కేంద్రంలో అందరి ముందూ చదివి వినిపించారు. కర్ర లేదు, కేకలు లేవు, చేతిలో కాయితం. ఇరవై ఏళ్ల కూలి బిడ్డ అధికారి ముందు నిలబడి ఈ సంతకం మా అమ్మది కాదు అని చెప్పిన ఆ ఘడియే పౌరుడు పుట్టిన ఘడియ. మన జిల్లాలో కేసుల్లో ఇరుక్కున్న కుర్రాళ్లలో ఇంటరు, డిగ్రీ చదివినవాళ్లకు కొదవ లేదు. రెండు పార్టీల ఇళ్ల నుంచి చెరొకర్ని తీసి జంటగా ఆ కాయితాలు చదవడానికి ఎందుకు పంపకూడదు?

గ్రామసభ సంగతీ అంతే. ఊరి ఓటరు జాబితాలో పేరున్న ప్రతి మనిషీ దానిలో సభ్యుడు, ఎవరూ పిలవనక్కర్లేదు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు సభలు పెట్టారు. ఒక్కరోజు పండగగా అయినా సరే, రచ్చబండ దగ్గర జనం కూచోవడం చూడముచ్చటే. రోజువారీగా చూస్తే సభకు వచ్చేది సర్పంచి మనుషులే, అవతలివాళ్లు గడప దాటరు. 2021లో ఎన్నికైన పంచాయతీల అయిదేళ్ల గడువు 2026 దాకానే. పోటీకి 21 ఏళ్లు నిండితే చాలు. పల్నాడులో ఈసారి ఒక ఊరు ఏకగ్రీవం చేసుకుంటే, అది పాతికేళ్లు నిండని పిల్ల పేరు మీద, రెండు పార్టీలూ గ్రామసభలో నోరు తెరిచి మాట్లాడుకున్నాక చేసుకుంటే, నేను కాలినడకన ఆ ఊరు వెళ్లి చూసొస్తాను.

ఇక కేసుల సంగతి. హత్య, హత్యాయత్నం రాజీ పడేవి కావు, పడకూడదు కూడా. చచ్చినవాడి తల్లికి న్యాయం జరగకుండా శాంతి మాట ఎత్తడం తప్పు. కానీ చిన్న దెబ్బలు, తిట్లు, కంచె పీకడం లాంటి రాజీ పడదగ్గ కేసుల్లో కుర్రాళ్ల యవ్వనం వాయిదాల మధ్య కరిగిపోతోంది. వాటికి లోక్ అదాలత్ ఉంది, అక్కడ ఇచ్చిన తీర్పు మీద అప్పీలు లేదు. 2023లో వచ్చిన మధ్యవర్తిత్వ చట్టం ఇంకో అడుగు ముందుకేసి, ఊరి శాంతికి భంగం కలిగించే తగాదాలను ముగ్గురు మధ్యవర్తులు కూచుని పరిష్కరించే పద్ధతి రాసింది. ఆ ఏడాది అక్టోబరులో అమల్లోకి తెచ్చినవి కొన్ని సెక్షన్లే. అందులో ఆడవాళ్లకు చోటు గురించి ఆలోచించమని ఉంది. కుర్రాళ్ల మాట విడిగా లేదు. ముగ్గురిలో ఒకరు ముప్పై ఏళ్ల లోపువాళ్లై ఉండాలని మన జిల్లాలో ఒక ఆనవాయితీ పెట్టుకుంటే కాదనే చట్టం లేదు.

నా మనసుకు అన్నిటికన్నా దగ్గరగా ఉన్న సంగతిని చివరికి దాచుకున్నాను. కోటప్పకొండ ప్రభలు. మహాశివరాత్రికి నరసరావుపేట, చిలకలూరిపేట చుట్టుపక్కల ఊళ్ల నుంచి కదిలే ఎనభై, తొంభై అడుగుల ప్రభల్ని ఎవరు కడతారనుకున్నారు? ఊరి కుర్రాళ్లు. నెలా రెండు నెలల ముందు నుంచి చందాలు వసూలు చేస్తారు, లెక్క రాస్తారు, వెదురు గడలు తెస్తారు, కరెంటువాళ్లతో మాట్లాడి దారిలో తీగలు తప్పించే ఏర్పాటు చేస్తారు. లక్షల రూపాయల పని. ఇంజనీరు లేడు, కాంట్రాక్టరు లేడు. ఈమధ్య ప్రభల మీద దేవుడి బొమ్మల పక్కన నాయకుల బొమ్మలు పెరుగుతున్నాయి, పాటలూ మారుతున్నాయి, అది చూస్తే గుబులేస్తుంది. అయినా అంత ఎత్తు ప్రభను పన్నెండు మైళ్లు ఒరగకుండా నడిపించగలిగిన పిల్లలకు ఊరి నీళ్ల ట్యాంకు లెక్క చూడటం రాదంటే నేను నమ్మను.

మా ఊళ్లో రాళ్లు పడిన రెండేళ్లకు వచ్చిన శివరాత్రి నాకు బాగా గుర్తు. పెద్దలు అప్పుడే రాజీ పడ్డారు, నేనూ వాడూ పడలేదు. ప్రభ ఊరు దాటి కాలవగట్టు ఎక్కుతోంది. గాలి లేచింది. ప్రభ నాలుగు వైపులా పట్టుకోవాల్సిన మోకుల్లో ఎడమవైపు మోకు దగ్గర మనుషులు చాల్లేదు. నేను జనంలో నిలబడి చూస్తున్నాను. ఆ మోకు చివర, పాదాలు మట్టిలో దిగబడి, వెనక్కి వాలి పట్టుకున్నవాడు తల తిప్పి నన్ను చూశాడు. రెండేళ్లుగా పలకని పేరు పెట్టి అరిచాడు.

“ఒరేయ్, చూస్తావేందిరా, వచ్చి పట్టుకో!”

చెప్పులు అక్కడే వదిలేసి పరిగెత్తాను.